టేపు లైబ్రరీలో చెడింది ఏది, మార్చాల్సింది ఏది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కార్యాలయాల్లో బ్యాకప్ కోసం వాడే టేపు లైబ్రరీల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే చోటికి చేరాయి: డ్రైవ్ మొరాయించింది, రోబో ఆగిపోయింది, ఏదో ఒక భాగం మార్చాలంటున్నారు, ఏం చేయాలి? తమ పేరూ సంస్థ పేరూ వేయవద్దని చాలామంది కోరారు కాబట్టి ఊరి పేరు మాత్రమే ఇస్తున్నాం. ఈ యంత్రాన్ని ఎన్నడూ చూడనివారి కోసం ఒక్క మాట. సర్వర్ల రాక్‌లో ఇమిడే చిన్న పెట్టె మొదలుకొని బీరువాల వరుస దాకా ఏ పరిమాణంలోనైనా ఉండే ఈ లైబ్రరీలో టేపు కార్ట్రిడ్జ్‌లు అరల్లో వరుసగా నిలబడి ఉంటాయి. రోబో చెయ్యి వాటి మీది బార్‌కోడ్ చదివి, కావలసినదాన్ని తీసి, టేపును చదివి రాసే డ్రైవ్‌లో పెడుతుంది, పని కాగానే తిరిగి అరలో సర్దుతుంది. ఉత్తరాల్లో కనబడే ‘ఎల్‌టీఓ’ ఈ టేపుల్లో ఒక రకం పేరు, పక్కనున్న అంకె దాని తరం. అందులో భాగాలను ఊడదీసి బిగించడం పెద్ద విద్య కాదు, చాలా వాటికి పావుగంట చాలు. చిక్కంతా దానికి ముందు గంటలోనూ తరువాతి గంటలోనూ ఉంటుంది.

ప్రశ్న: మా ఆసుపత్రిలో మూడు డ్రైవులున్న ఎల్‌టీఓ-8 లైబ్రరీ ఉంది. నెల రోజులుగా రెండో డ్రైవ్ తరచుగా 6 అంకె చూపించి బ్యాకప్ మధ్యలో ఆపేస్తోంది. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ముగిసింది. డ్రైవ్ పోయింది, కొత్తది కొనాలని సర్వీసు వారు ఫోన్లోనే తేల్చేశారు. కొనమంటారా? – హైదరాబాద్

జవాబు: ఎద్దు ఈనిందంటే దూడను కొట్టంలో కట్టేయమన్నట్టుంది వారి సలహా. ఐబీఎం తయారీ ఎల్‌టీఓ డ్రైవుల్లో 6 అంకెకు అర్థం ‘డ్రైవ్ పోయింది’ అని కాదు, ‘తప్పు డ్రైవ్‌ది కావచ్చు, టేపుది కావచ్చు’ అని. 7 వస్తే టేపు మీద అనుమానం బలపడుతుంది, 5 వస్తే డ్రైవ్ హార్డ్‌వేర్ మీద, 8 వస్తే సర్వర్‌కు వెళ్లే కేబుల్, దానికి సంబంధించిన దారి మీద. 6 దగ్గర యంత్రమే తేల్చుకోలేకపోయింది కాబట్టి తేల్చే బాధ్యత మనదే.

ముందుగా డ్రైవ్‌ను ఒకసారి క్లీనింగ్ కార్ట్రిడ్జ్‌తో శుభ్రం చేయించండి. తరువాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లాగ్ తెరిచి, గత రెండు నెలల్లో వచ్చిన ప్రతి తప్పుకూ ఎదురుగా రెండే విషయాలు రాసుకోండి: ఏ డ్రైవ్, ఏ టేపు. కాగితం మీద రాస్తే పావుగంటలో బొమ్మ తేలుతుంది. తప్పులన్నీ రెండో డ్రైవ్‌లోనే, కానీ వేర్వేరు టేపుల మీద వచ్చి ఉంటే డ్రైవ్‌ను అనుమానించాలి. ఒకటి రెండు టేపులే ఏ డ్రైవ్‌లో పెట్టినా తప్పు ఇస్తుంటే దోషం టేపులది, కొత్త డ్రైవ్ తెచ్చినా వాటి దోషం పోదు.

లాగ్ చెరిగిపోయి ఉంటే దిగులు పడకండి. ప్రతి ఎల్‌టీఓ కార్ట్రిడ్జ్ లోపల తీగ లేకుండా చదవగలిగే ఒక చిన్న మెమరీ చిప్ ఉంటుంది. ఆ టేపు మీద ఇంతవరకు ఎంత రాశారు, ఎన్నిసార్లు డ్రైవ్‌లోకి వెళ్లింది అన్న లెక్కలతో పాటు చివరి నాలుగు సార్లు దాన్ని లోపలికి తీసుకున్న డ్రైవుల సీరియల్ నంబర్లు కూడా ఆ చిప్ దాచుకుంటుంది. తప్పు ఇచ్చిన నాలుగైదు టేపుల చిప్‌లు చదివి చూస్తే, అన్నింటిలోనూ ఒకే సీరియల్ నంబర్ ఎదురవుతోందా లేదా అన్నది తెలిసిపోతుంది. ఆసుపత్రిలో రోగి చేతికి కట్టే పట్టీ లాంటిదే ఇదీ. మీవారికి వేరే చెప్పనక్కరలేదు.

చివరి పరీక్ష లైబ్రరీ ప్యానెల్ నుంచి నడిపే రాత పరీక్ష. దీనికి కొత్త టేపో, పనికిరాదని తేల్చిన టేపో పెట్టాలి గానీ, రోగుల రికార్డులున్న టేపు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు, ఎందుకంటే ఆ పరీక్ష టేపు మీద ఉన్నదాన్ని చెరిపేస్తుంది. ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. అంచు నలిగిన టేపు మంచి డ్రైవ్‌ను పాడుచేయగలదు, పాడైన డ్రైవ్ మంచి టేపు అంచును నలపగలదు. కాబట్టి అనుమానితులిద్దరినీ పదిసార్లు కలిపి చూడటం పరిశోధన అనిపించుకోదు. రెండు మూడు ప్రయత్నాల్లో తేలకపోతే ఆపేయండి.

ఇంకో సంగతి, మీరు అడగకపోయినా చెబుతున్నాను. ఎల్‌టీఓ-8 టేపు పొడవు 960 మీటర్లు. అది నిండాలంటే ఈ కొస నుంచి ఆ కొసకూ, ఆ కొస నుంచి ఈ కొసకూ మొత్తం 208 సార్లు హెడ్ (డ్రైవ్‌లో చదివి రాసే భాగం) మీదుగా నడవాలి. సర్వర్ డేటాను డ్రైవ్ కోరిన వేగంతో అందించలేకపోతే డ్రైవ్ ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ పరుగు అందుకుంటుంది. ఇలా రోజంతా ముందుకూ వెనక్కూ ఊగిసలాడితే టేపూ హెడ్డూ రెండూ అరుగుతాయి. నిదానంగా సాగే బ్యాకప్ జాబులన్నీ ఆ రెండో డ్రైవ్‌కే కేటాయించి ఉంటే, కొత్త డ్రైవ్ తెచ్చినా అదే గతి పడుతుంది. కొనే ముందు ఆ కేటాయింపు చూసుకోండి.

ప్రశ్న: చెడిపోయిన డ్రైవ్ స్థానంలో కొత్తది పెట్టించాం. ప్యానెల్‌లో పచ్చగానే ఉంది. కానీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో మొత్తం లైబ్రరీయే కనబడటం లేదు. సర్వర్‌ను రెండుసార్లు రీస్టార్ట్ చేస్తే లైబ్రరీ కనబడింది గానీ, ఇప్పుడు టేపు లోడ్ కావడం లేదంటోంది. మాకు పిచ్చెక్కుతోంది. – విజయవాడ

జవాబు: మీకు ఒకదాని మీద ఒకటి రెండు వేర్వేరు చిక్కులు వచ్చాయి.

మొదటిది. మధ్యతరహా లైబ్రరీల్లో చాలా వాటికి రోబో ఆదేశాలు వెళ్లడానికి వేరే కేబుల్ ఉండదు. ఏదో ఒక డ్రైవ్ తన సొంత పనితో పాటు రోబోకు వెళ్లే ఆదేశాలను కూడా మోస్తుంది. దాన్ని కంట్రోల్ పాత్ డ్రైవ్ అంటారు. సర్వర్‌కు ఆ డ్రైవ్ చిరునామాలో సున్నా నంబరు డ్రైవ్‌గానూ, ఒకటో నంబరు రోబోగానూ కనబడుతుంది. మీరు మార్చినది సరిగ్గా ఆ డ్రైవే అయి ఉంటుంది. కొత్త డ్రైవ్‌కు లైబ్రరీ సెట్టింగుల్లో కంట్రోల్ పాత్ బాధ్యత అప్పగించారో లేదో చూడండి. మార్చబోయే ముందే ఆ బాధ్యతను తాత్కాలికంగా ఇంకో డ్రైవ్‌కు బదిలీ చేసి ఉంటే మొదటి రీస్టార్ట్ అవసరమే ఉండేది కాదు.

రెండోది ఇంకా తమాషా అయినది, నేను దీన్ని కళ్లారా చూశాను. సర్వర్ గదిలో నిలబడి అద్దంలోంచి చూస్తుంటే రోబో బుద్ధిగా ఎనిమిదో అరలోని టేపు తీసుకెళ్లి కింది డ్రైవ్‌లో పెట్టింది. సాఫ్ట్‌వేర్ మాత్రం పై డ్రైవ్‌ను పదేపదే అడుగుతూ, అందులో టేపు లేదని గోల పెడుతోంది. లినక్స్ సర్వర్లలో డ్రైవులకు ఎన్‌ఎస్‌టీ0, ఎన్‌ఎస్‌టీ1 అనే పేర్లు దొరికిన వరుసలో వస్తాయి. కొత్త డ్రైవ్ రాకతో ఆ వరుస తారుమారయితే రోబో లెక్కలో ఒకటోది సర్వర్ లెక్కలో రెండోది అవుతుంది. రోబోను నడిపించే ఎంటీఎక్స్ ఆదేశంతో ఒక ఖాళీ టేపును ఒకటో డ్రైవ్‌లో పెట్టించి, సర్వర్‌లో ఏ పేరు కింద టేపు ఉన్నట్టు కనబడుతోందో చూడండి. అలాగే రెండోదానికీ చేయండి. జతలు తెలిశాక, వరుసను బట్టి వచ్చే ఆ పేర్లను వదిలేసి, సీరియల్ నంబరును బట్టి వచ్చే స్థిరమైన పేర్లను సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వండి.

ఫైబర్ చానెల్ అనే నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌కు కలిసే డ్రైవుల విషయంలో చాలా లైబ్రరీలు డ్రైవ్ చిరునామాను డ్రైవ్‌కు కాక అది కూర్చునే గూటికి ఇస్తాయి కాబట్టి, పాత చిరునామాయే కొత్త డ్రైవ్‌కూ వర్తించి స్విచ్‌లోని జోనింగ్ (ఏ సర్వర్‌కు ఏ డ్రైవ్ కనబడాలో చెప్పే ఏర్పాటు) చెక్కుచెదరదు. కానీ సీరియల్ నంబరును నమ్ముకున్న సాఫ్ట్‌వేర్ మాత్రం కొత్త మనిషి వచ్చాడనే అనుకుంటుంది. పాత డ్రైవ్ నమోదును తీసేసి కొత్తదాన్ని కలపాలి. టేపులు ఎన్‌క్రిప్ట్ చేస్తుంటే ఇంకో మెట్టు ఉంది. తాళంచెవి డ్రైవ్‌లోనూ ఉండదు, టేపు మీదా ఉండదు. కీ మేనేజర్ దగ్గరో, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దగ్గరో ఉంటుంది. సీరియల్ నంబరు చూసి తాళంచెవి ఇచ్చే కీ మేనేజర్లు కొత్త డ్రైవ్‌ను ముఖం చూసి లోపలికి రానివ్వవు. అక్కడ అనుమతి ఇచ్చేవరకు రాత పరీక్షలన్నీ గట్టెక్కిన డ్రైవ్ కూడా అసలు బ్యాకప్ దగ్గర బోల్తా పడుతుంది.

ఇక ముందు డ్రైవ్ మార్చాల్సి వస్తే ఈ క్రమం పాటించండి. ముందుగా లోపల టేపు లేదని రూఢి చేసుకుని, సాఫ్ట్‌వేర్‌లో డ్రైవ్‌ను ఆఫ్‌లైన్‌లో పెట్టి, లైబ్రరీ ప్యానెల్ నుంచి ఆ ఒక్క డ్రైవ్‌కు విద్యుత్తు ఆపండి. దీపం ఆరాక కేబుల్ తీసి, ఫైబర్ కొసకు వెంటనే మూత పెట్టండి. చేతికి ఎర్త్ పట్టీ కట్టుకున్నాక వెనక ఉన్న బొటనవేలి స్క్రూలు వదులు చేసి, ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేతిని అడుగున ఆనించి తిన్నగా బయటికి లాగండి. కొత్తదాన్ని అదే దారిలో నెమ్మదిగా తోయాలి. స్క్రూ రంధ్రాలు ఎదురెదురుగా రాకపోతే డ్రైవ్ చివరిదాకా వెళ్లలేదని అర్థం. స్క్రూతో బలవంతంగా లాక్కోబోతే వెనక కనెక్టర్ పిన్నులు వంగుతాయి. తరువాత కొత్త డ్రైవ్ ఫర్మ్‌వేర్ (దాని లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) మిగతా డ్రైవుల ఫర్మ్‌వేర్‌తో సరిపోయిందో చూడాలి. పాత డ్రైవ్‌ను మాత్రం అదే రోజు తిప్పి పంపకండి. చివరి రెండు వారాల్లో అది రాసిన టేపులను ఇంకో డ్రైవ్‌లో చదివించి, అన్నీ చదవగలిగితేనే పంపండి.

ప్రశ్న: ప్రతి సోమవారం ఉదయం డ్రైవులన్నింటికీ క్లీనింగ్ టేపు వేయడం మా ఆఫీసులో ఆనవాయితీ. ఆరోగ్యానికి మంచిదే కదా? – గుంటూరు

జవాబు: కాదు. క్లీనింగ్ టేపు హెడ్‌ను గీకి శుభ్రం చేస్తుంది. అవసరం లేనప్పుడు గీకడం హెడ్‌ను అరగదీయడమే. డ్రైవ్ తనకు కావలసినప్పుడు తానే అడుగుతుంది. ఐబీఎం డ్రైవుల్లో తెరమీద ‘సి’ అక్షరం వెలుగుతుంది, లేదా టేప్‌అలర్ట్ అనే హెచ్చరికల పట్టికలో 20వది వస్తుంది. అది వెంటనే శుభ్రం చేయమనడం. 21వది వస్తే వీలు చూసుకుని చేయమనడం. 22వది వస్తే క్లీనింగ్ టేపు ఆయుష్షు తీరిందని అర్థం, ఎందుకంటే ఆ టేపు మహా అయితే 50 సార్లు పనిచేస్తుంది. ఆనవాయితీ మానేసి, ఒక క్లీనింగ్ టేపును దానికి కేటాయించిన అరలో ఉంచి, ఆటోమేటిక్ క్లీనింగ్‌ను ఆన్ చేయండి. లైబ్రరీలోనో సాఫ్ట్‌వేర్‌లోనో ఒక్కచోటే ఆన్ చేయాలి. రెండుచోట్లా ఆన్ చేస్తే ఒకరు పెట్టిన టేపును ఇంకొకరు వెతుక్కుంటూ కూర్చుంటారు. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో హెడ్ తుడిచే పాత క్యాసెట్ ప్లేయర్ వైద్యం ఇక్కడ అసలు పనికిరాదు.

ప్రశ్న: మాది చిన్న టీవీ చానల్. పాత ఇంటర్వ్యూలు, ఊరేగింపులు, ప్రసారం కాని రషెస్ (ఎడిట్ చేయని దృశ్యాలు) అన్నీ టేపుల మీదే ఉన్నాయి. అందులో ఒక టేపు డ్రైవ్‌లో ఇరుక్కుపోయింది. డ్రైవ్‌ను టేపుతో సహా తీసుకెళ్లి కొత్తది ఇస్తామని సర్వీసు ఇంజనీరు అంటున్నారు. ఆ టేపుకు రెండో కాపీ లేదు. – హైదరాబాద్

జవాబు: ఇవ్వకండి. డ్రైవ్ మీ యంత్రానికి భాగం మాత్రమే. టేపు మీ ఆస్తి. మార్పిడి కింద వెళ్లిన డ్రైవ్ మరమ్మతు కేంద్రంలో గుట్టగా పడి ఉన్నవాటిలో ఒకటవుతుంది, లోపలి టేపును వెతికి తెచ్చి ఇచ్చే బాధ్యత ఎవరి మీదా ఉండదు.

ఇరుక్కున్న టేపుల్లో సగం నిజంగా ఇరుక్కున్నవి కావు. సాఫ్ట్‌వేర్ తన పని సగంలో చచ్చిపోతూ ‘ఈ టేపును బయటికి రానివ్వకు’ అన్న ఆదేశాన్ని ఉపసంహరించకుండా పోయి ఉంటుంది. అప్పుడు డ్రైవ్ మాట జవదాటదు. కాబట్టి ముందు బ్యాకప్ సర్వీసును ఆపి, సర్వర్ నుంచి ఆ డ్రైవ్‌కు వెళ్లే కేబుల్ తీసి, లైబ్రరీ ప్యానెల్ నుంచి టేపును అరకు తరలించమని చెప్పి చూడండి. లాభం లేకపోతే ప్యానెల్ నుంచి ఆ డ్రైవ్‌కు మాత్రమే విద్యుత్తు ఆపి, మళ్లీ ఇవ్వండి. టేపు మధ్యలో ఉండగా విద్యుత్తు పోయి వస్తే డ్రైవ్ తానెక్కడున్నదో పోల్చుకుని మెల్లగా మొదటికి చుట్టుకుంటుంది. ఆ సమయంలో ఏమీ జరగనట్టే కనబడుతుంది. కంగారుపడి రెండోసారి ఆపితే పని మళ్లీ మొదటికి వస్తుంది. ఒక టీ తాగి రండి.

డ్రైవ్ మీది ఎజెక్ట్ మీటను కొన్ని సెకన్లపాటు నొక్కిపట్టి బలవంతంగా బయటికి తీసే పద్ధతి కూడా ఉంది, కానీ అది ఆఖరు. రాస్తున్న సమయంలో అలా చేస్తే డేటా ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు టేపు మీద పడకుండా పోవచ్చు, ఆపై చదివేటప్పుడు అక్కడ తడబడుతుంది.

వీటిలో ఏదీ పనిచేయకపోతే రెండు కారణాలు సాధారణం. టేపు మొదట్లో చిన్న లోహపు పిన్ను ఉంటుంది. డ్రైవ్ దాన్ని పట్టుకునే టేపును లోపలికి లాక్కుంటుంది. కార్ట్రిడ్జ్ ఎప్పుడో చేతిలోంచి జారి కిందపడి ఆ పిన్ను తన గాడిలోంచి తప్పుకుని ఉండవచ్చు. లేదా టేపు తెగి ఉండవచ్చు. ఈ రెండింటిలోనూ డ్రైవ్‌ను విప్పి చేత్తో చుట్టాల్సి వస్తుంది, అది మీరూ నేనూ చేసే పని కాదు. డేటా రికవరీ సంస్థకు, డ్రైవ్‌ను విప్పకుండా, టేపుతో సహా, టేపు మీదేనని రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఇవ్వాలి. ఏఎంసీ ఒప్పందంలో చెడిన డ్రైవ్‌ను తిరిగి ఇవ్వాలన్న షరతు ఉంటే, డ్రైవ్ ధర కట్టి దాన్ని అట్టేపెట్టుకునే వీలుందేమో అడగండి. ఇక మీదట ఇరుక్కుపోయేది ఏ టేపయినా సరే, దాని జంట ఇంకో చోట ఉండేలా చూసుకోండి. 2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరి జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయినప్పుడు గూగుల్ అంతటి సంస్థ ఆ ఉత్తరాలను తిరిగి తెచ్చింది టేపుల మీది కాపీల నుంచే.

ప్రశ్న: రోబో చెయ్యి మధ్యలో ఆగిపోయి ఎర్రదీపం వెలుగుతోంది. రోబో యూనిట్ మొత్తం మార్చాలంటున్నారు. అంత ఖర్చు తప్పదా? – అనంతపురం

జవాబు: టార్చిలైటు వేసి లోపలికి చూశారా? రోబో ఆగిన సందర్భాల్లో నేను ఎక్కువగా చూసినవి మోటారు కాలడాలూ బెల్టు తెగడాలూ కాదు, దారికి ఏదో అడ్డుపడటాలు. అరలోకి పూర్తిగా వెళ్లక అరంగుళం బయటికి పొడుచుకొచ్చిన కార్ట్రిడ్జ్, గట్టిగా తోయకుండా వదిలేసిన మ్యాగజైన్, ఊడిపడిన లేబుల్. (మ్యాగజైన్ అంటే మీ చేతిలో ఉన్న ఈ పత్రిక కాదు, టేపులు నిలబెట్టే పళ్లెం.)

లేబుల్ విషయం కొంత విడమర్చి చెప్పాలి. ఒక కార్యాలయంలో బార్‌కోడ్ లేబుళ్లు అయిపోతే, ఆఫీసు ప్రింటర్ మీద మామూలు కాగితం మీద అచ్చువేసి, జిగురు రాసి, చక్కగా కత్తిరించి అంటించారు. వేసవి అంతా పనిచేసింది. వర్షాకాలం రాగానే ఒక లేబుల్ మూల లేచింది. రోబో దాన్ని లాక్కుంటూ డ్రైవ్ నోటిదాకా తీసుకెళ్లింది. కార్ట్రిడ్జ్ సగం లోపల, సగం రోబో చేతిలో, ఎవరూ వదలరు. కొత్త రోబో కోసం ఆర్డరు కూడా పెట్టాక, ఎవరో పట్టకారుతో ఆ కాగితం ముక్క లాగితే లైబ్రరీ దానంతటదే లెక్క సరిచూసుకుని పనిలో పడింది. లేబుల్‌ను కార్ట్రిడ్జ్ మీద దానికోసం వదిలిన లోతైన చోటనే అంటించాలి. ఆరు అక్షరాల పేరు, చివర తరాన్ని చెప్పే రెండు అక్షరాలు, ఉదాహరణకు ఎల్8, మొత్తం ఎనిమిది అక్షరాలుండాలి. ‘మార్చి జీతాలు’ అని పెన్నుతో రాసిన స్టిక్కర్లు ఇంకెక్కడా ఉండకూడదు.

మ్యాగజైన్‌ను ప్యానెల్ ద్వారా విడిపించలేకపోతే, ముందువైపు చిన్న రంధ్రంలో సన్నని పిన్ను దూర్చి చేత్తో విడిపించే ఏర్పాటు చాలా నమూనాల్లో ఉంటుంది. విద్యుత్తు ఆపి, రోబో చెయ్యి మ్యాగజైన్‌లోకి చొచ్చుకుని లేదని చూసుకున్నాకే అది వాడాలి. ఒకదాని మీద ఒకటి పేర్చిన మాడ్యూళ్లయితే, వాటిని ఒకదానికొకటి సరిగ్గా నిలబెట్టి ఉంచే మీట బిగించి ఉందో లేదో వెనకవైపు చూడండి. అది వదులుగా ఉంటే రోబో పై అంతస్తుకు వెళ్లడానికి నిరాకరిస్తుంది. ఇవన్నీ చూశాక కూడా ఆగిపోతుంటే అప్పుడు రోబో మార్పిడి గురించి మాట్లాడవచ్చు.

ప్రశ్న: రెండు పవర్ సప్లైలలో ఒకటి పోయింది. లైబ్రరీని ఆపకుండా మార్చవచ్చా? – వరంగల్

జవాబు: మార్చవచ్చు, రెండోదాని దీపం నిలకడగా పచ్చగా ఉంటేనే. రెండు ప్లగ్గులూ ఒకే యూపీఎస్‌కు, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి ఉంటే ముందు ఆ పని సరిచేయండి.

ప్రశ్న: కంట్రోలర్ కార్డు మార్చే ముందు ఏం రాసి పెట్టుకోవాలి? – కర్నూలు

జవాబు: కార్డు ఇంకా కాస్త ఊపిరితో ఉండగానే సెట్టింగుల ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి. పూర్తిగా పోయాక ఆ అవకాశం ఉండదు, అందుకే నెలకోసారి దించుకోవడం మంచిది. లైబ్రరీ సీరియల్ నంబరు, ఐపీ చిరునామా, లైసెన్సు కోడ్‌లు కాగితం మీద రాసుకోండి. లైసెన్సులు సీరియల్ నంబరుతో ముడిపడి ఉంటాయి కాబట్టి కొత్త కార్డుకు పాత నంబరు సంక్రమించకపోతే అవి చెల్లవు. ఒకే లైబ్రరీని రెండు మూడు భాగాలుగా విభజించి వేర్వేరు సర్వర్లకు ఇచ్చి ఉంటే, ఏ అరలు ఎవరివో ఫొటో తీసి ఉంచండి. కార్డు మార్చాక బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో అరల లెక్క మళ్లీ తీయించకుండా ఒక్క జాబు కూడా నడపవద్దు.

ప్రశ్న: స్పేర్ డ్రైవ్ ఒకటి కొని స్టోర్ రూములో ఉంచాం. అవసరపడి పెడితే మొదటి రోజే తప్పులు ఇచ్చింది. సీల్ విప్పని డ్రైవ్ ఎలా చెడుతుంది? – విశాఖపట్నం

జవాబు: మీ ఊళ్లో స్టోర్ రూము గాలి ఎలా ఉంటుందో సముద్రం పక్కన ఇనుప తలుపులున్నవారికి చెప్పక్కరలేదు. అయితే అసలు అపరాధం సీల్ విప్పిన క్షణానిది అయి ఉండవచ్చు. ఉక్కపోతగా ఉన్న గదిలో పెట్టె విప్పి, ఆ తేమగాలితో నిండిన డ్రైవ్‌ను చల్లని సర్వర్ గదిలోకి తెస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టే లెక్క తలకిందులుగా జరుగుతుంది: లోపలి తేమ చల్లబడి హెడ్ మీద, టేపు నడిచే దారిలో చేరుతుంది. పెట్టెను సీల్‌తోనే సర్వర్ గదిలోకి తెచ్చి, 24 గంటలు అలాగే ఉంచి, ఆపై విప్పండి. టేపులకు కూడా ఇదే వర్తిస్తుంది. ఏళ్ల తరబడి దాచే టేపులను 16 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 20 నుంచి 50 శాతం తేమలో ఉంచాలన్నది తయారీదారుల నియమం. ఏసీ లేని స్టోర్ రూములో మీ ఊళ్లో అది ఏ నెలలోనూ కుదరదు. ఇప్పుడు పెట్టిన డ్రైవ్‌ను ఒక రోజు ఖాళీగా నడవనిచ్చి, ఒకసారి క్లీనింగ్ చేయించి, మళ్లీ రాత పరీక్ష పెట్టి చూడండి. తిప్పి పంపడం ఆ తరువాతి మాట.

ప్రశ్న: మా చిన్న కంపెనీలో ఎల్‌టీఓ-6 టేపులు 300 ఉన్నాయి. వాటిని చదివే ఒకే ఒక డ్రైవ్ పోయింది. ఎలాగూ మారుస్తున్నాం కదా, నేరుగా ఎల్‌టీఓ-9 డ్రైవ్ పెట్టేయమని సరఫరాదారు సలహా ఇస్తున్నారు. – డల్లాస్

జవాబు: పెట్టేస్తే మీ 300 టేపులూ అద్దాల బీరువాలో బొమ్మల్లా మిగిలిపోతాయి. ఏడో తరం వరకు ఎల్‌టీఓ డ్రైవులు తమకంటే రెండు తరాల పాత టేపులను చదివేవి, ఒక తరం పాతదాని మీద రాసేవి. 2017లో వచ్చిన ఎల్‌టీఓ-8తో ఆ సంప్రదాయం ఆగింది. అది ఏడు, ఎనిమిది తరాలనే ముట్టుకుంటుంది. 2021లో వచ్చిన ఎల్‌టీఓ-9 ఎనిమిదినీ తొమ్మిదినీ, 2025లో వచ్చిన ఎల్‌టీఓ-10 తన తరాన్ని మాత్రమే. మీకు కావలసింది ఎల్‌టీఓ-6 డ్రైవ్ గానీ, ఎల్‌టీఓ-7 డ్రైవ్ గానీ. ఏడో తరానిది అయితే ఐదో తరం టేపులు ఏ మూలనైనా బయటపడినా చదువుతుంది కాబట్టి నా ఓటు దానికే.

ఎల్‌టీఓ-9 కొనకూడదని కాదు, రెండూ కావాలి. చాలా లైబ్రరీలు రెండు తరాల డ్రైవులను పక్కపక్కనే ఉంచుకోనిస్తాయి. మీ నమూనా ఒప్పుకుంటుందో చూసి, పాతదానిలో చదివిస్తూ కొత్తదానిలోకి రాయించండి. లెక్క చూద్దాం. కుదింపు లేకుండా ఎల్‌టీఓ-6 టేపు మీద పట్టేది 2.5 టెరాబైట్లు, కాబట్టి మీ దగ్గర గరిష్ఠంగా 750 టెరాబైట్లు ఉన్నాయి. 18 టెరాబైట్ల ఎల్‌టీఓ-9 టేపులు 42 సరిపోతాయి. ఆ తరం టేపు నుంచి సెకనుకు 160 మెగాబైట్ల చొప్పున చదివితే ఒక్కో టేపుకు 4 గంటల 20 నిమిషాలు. 300 టేపులకు, రాత్రింబవళ్లు ఆగకుండా నడిచినా, 54 రోజులు. కొత్త ఎల్‌టీఓ-9 టేపు ప్రతిదీ మొదటిసారి డ్రైవ్‌లోకి వెళ్లినప్పుడు తనను తాను సరిచూసుకోవడానికి సగటున 40 నిమిషాలు, ఒక్కోసారి 2 గంటల దాకా తీసుకుంటుంది. చెడిపోయిందనుకుని ఆ మధ్యలో ఆపవద్దు, వీలైతే 42 టేపులకూ ఆ తంతు ముందే కానిచ్చేయండి. ఎల్‌టీఓ-6, 7 డ్రైవులు ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి, వాటి హెడ్ ఇంతవరకు ఎంత తిరిగిందో అమ్మేవాడు చెప్పడు. 54 రోజుల పనికి అలాంటి డ్రైవ్ ఒక్కటే కొనకండి, రెండు కొనండి.